సుభద్రమ్మ డాక్టరుతో గొర్రెల ఊళ్లకు

అనంతపురం వైపు వెళ్తున్నానంటే మా భీమవరంలో అందరూ పుట్టపర్తికా అని అడిగారు. కాదంటే, అయితే లేపాక్షికా అన్నారు. గొర్రెల ఊళ్లు చూడ్డానికని చెప్పేసరికి మా ఆడపడుచు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఊపిరితిత్తికి ఆపరేషనై ఏడాది తిరక్కుండా ఆ ఎండల్లోకి ప్రయాణమేమిటని ఆవిడ బాధ. ఆ ఆపరేషనే నన్ను అక్కడికి తీసుకెళ్తోందని ఎంత చెప్పినా ఆవిడకు ఎక్కలేదు. తిరిగొచ్చాక అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

కిందటేడు ఎంతకీ దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే నా కుడి ఊపిరితిత్తిలో కమలాపండంత నీటితిత్తి కనబడింది. అంతకుముందు కొన్నాళ్లు ఆ దగ్గును క్షయ అనుకుని మందులు మింగాను. మొదట చూపించుకున్నచోట ఊపిరితిత్తి కింది భాగం మొత్తం కోసి తీసేయాలన్నారు. భయమేసి మరొకరి మాట కూడా విందామని బెంగళూరు వెళ్తే అక్కడ డాక్టర్ సుభద్ర దొరికారు. ఆవిడ తిత్తిని మాత్రం పగలకుండా బయటకు తీసి, ఊపిరితిత్తిని ఉన్నదున్నట్టు నాకే వదిలేశారు. ఇప్పుడు బట్టలారేయడానికి డాబా మీదకు ఎక్కడా ఆగకుండా ఎక్కుతున్నాను.

కుట్లు విప్పేరోజున, ఇలా చేయడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. మా అనంతపురం గొర్రెలవాళ్ల దగ్గర అన్నారు. నేను వేళాకోళమనుకున్నాను. కాదట. ఈ జబ్బు కుక్క పేగుల్లో ఉండే ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె ఊపిరితిత్తుల్లో, కాలేయంలో నీటితిత్తులు పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న ముక్కను కుక్కకు పడేస్తే పురుగు మళ్లీ కుక్కలోకి చేరుతుంది. మధ్యలో కుక్కను నిమిరిన చేత్తోనే అన్నం కలుపుకున్న మనిషి కూడా ఆ గుడ్లు మింగేస్తాడు. గొర్రె మొహమే ఎరగని చేపల చెరువుల ఊరు మాది, నాకెలా వచ్చిందన్నాను. కుక్కల్ని పెంచారా అని అడిగారు. చిన్నప్పటి నుంచీ మా వీధి కుక్కలన్నిటికీ అన్నం పెట్టేదాన్ని నేనే. ఎక్కడ ఎప్పుడు అంటిందో చెప్పలేమని, ఎవరికైనా రావచ్చని ఊరడించారు.

అప్పుడే, తన పాత ఊళ్లన్నీ ఒకసారి తిరిగి చూడబోతున్నానని చెప్పారు. ఏళ్ల క్రితం తాను మొదలుపెట్టిన పని ఫలించిందో లేదో అక్కడి చిన్నపిల్లల్ని పరీక్షిస్తేనే తెలుస్తుందట. నేనూ రావచ్చా అని అడిగాను. జీపులో చోటుందన్నారు.

ధర్మవరం

రైలు దిగగానే మొదట తెలిసింది గాలి. మా వైపు గాలి ఒంటికి అంటుకుంటుంది. ఇక్కడి గాలి ఒంటి మీద చెమటను కూడా ఉండనివ్వదు. డాక్టరు గారి పుట్టిల్లు మగ్గాల వీధిలో. నాన్నగారు నేతగాడు, ఇప్పుడు తమ్ముడు నేస్తున్నాడు. వీధి పొడుగునా ప్రతి గుమ్మంలోంచీ మగ్గం చప్పుడే. మగ్గం మీద సగం నేసిన పెళ్లి చీర ఉంది, ముదురాకుపచ్చకు మామిడిపండు రంగు అంచు. ధర అడిగి మళ్లీ దాని వంక చూడలేదు.

పొద్దున ఫలహారం ఉగ్గాణి. మనం మరమరాలనేవాటిని వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ తాలింపు వేసి, పుట్నాలపొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మరమరాలను తడపడమేమిటని మొహం చిట్లించిన నేనే రెండోసారి పెట్టించుకున్నాను.

తింటూ ఆవిడ తన పాత కథ చెప్పారు. కొత్తగా డాక్టరయినప్పుడు, ఛాతీలో నీటితిత్తులతో తన దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా సొంత జిల్లావాళ్లే కావడం గమనించారు. ఊరి పేరు అడిగితే అది గొర్రెల ఊరే అయ్యేది. అప్పట్లో పెద్ద తిత్తి అంటే దానితో పాటు ఊపిరితిత్తి భాగాన్నీ తీసేయడమే వాడుక. కోతపడ్డ ఊపిరితిత్తితో గొర్రెల వెంట గుట్టలెక్కేదెవరు? అందుకని ఆవిడ తిత్తిని మాత్రమే తీసి, రోగుల్ని ఏళ్ల తరబడి వాళ్ల ఊళ్లకే వెళ్లి పరీక్షించారు. తిత్తి కింద నలిగిన ఊపిరితిత్తి చచ్చిపోదనీ, చాలామందిలో మళ్లీ విచ్చుకుంటుందనీ తేలింది. అది రాసి ప్రచురిస్తే గొర్రెలున్న వేరే దేశాల నుంచి కూడా డాక్టర్లు రాసి అడిగారు, కొందరు వచ్చి చూసి వెళ్లారు.

ఆ వెళ్లి రావడంలోనే రెండో సంగతి తెలిసింది. ఊళ్లలో గొర్రెను కోసినచోటల్లా పనికిరాని ఊపిరితిత్తులు కుక్కల నోట్లోకే పోతున్నాయి. తాను ఒకరి ఛాతీ కుట్టేలోపు ఊళ్లో మరొకరికి జబ్బు అంటుకుంటోంది. ఇక ఆవిడ సెలవు దొరికినప్పుడల్లా ఊళ్లెంట తిరగడం మొదలుపెట్టారు. గుంట తవ్వి పూడ్చమని చెప్పడం, కుక్కలకు పురుగు మందు వేయించడం. పెద్ద డాక్టర్లు నవ్వారట. సర్జనువి, కోసి కుట్టు, గొర్రె పేగులతో నీకేం పని అన్నారట.

"నేనేం చేసేది అక్కా, కోస్తా ఉంటే వస్తానే ఉండారు" అన్నారు డాక్టరు గారు. సొంత ఊళ్లో కాలు పెట్టగానే ఆవిడ మాట కూడా మారిపోయింది.

ముదిగుబ్బ

ముదిగుబ్బలో మాంసం అంగడి మస్తాన్‌ది. మనిషి నల్లగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉంటాడు. ఒకప్పుడు డాక్టరు గారితో గట్టిగా తగాదా పడినవాడు. అంగడి ముందు తెల్లారేదాకా కాపలా ఉండేవి కుక్కలే, వాటికి ఆ మాత్రం ముక్క వేయొద్దంటే ఎట్లా అని అతని వాదన. డాక్టరు గారు మాటలు చాలించి, ఆ రోజు అతను కోసిన గొర్రె ఊపిరితిత్తినే తీసుకుని జనం ముందు తిత్తిని చీల్చి చూపించారట. నీళ్లలో ఇసుక రేణువుల్లా కనిపించేవన్నీ పురుగు పిల్లలేనని చెప్పారట. మీ ఊరి మనిషి ఛాతీలోంచి నేను తీసేదీ ఇదేనని కూడా అన్నారట.

ఇప్పుడు అంగడి వెనక మూతపెట్టిన లోతైన గుంట ఉంది. మస్తాన్ దాన్ని మాకు చూపించిన తీరు కొత్తిల్లు చూపించినట్టుంది. తర్వాత ఆ పొద్దు కోసిన గొర్రె ఊపిరితిత్తుల్ని పళ్లెంలో పెట్టి తెచ్చాడు. డాక్టరు గారు చేతికి తొడుగు వేసుకుని వాటిని అటూ ఇటూ తిప్పి, వేళ్లతో నొక్కి నొక్కి చూశారు. లేత గులాబీ రంగులో మెత్తగా ఉన్నాయి. ఎక్కడా చిన్న బుడిపె కూడా లేదు.

"ముందర పదిట్లో సగం చెడిపోయుంటుండె డాక్టరమ్మా. ఇప్పుడు వెతికినా కనపడదు" అన్నాడు మస్తాన్.

ఈలోగా నా వల్ల చిన్న అల్లరి జరిగింది. ధర్మవరంలో కట్టిచ్చిన ఓళిగల పొట్లం జీపు మెట్టు మీద పెట్టి ఊపిరితిత్తులు చూడ్డంలో మునిగిపోయాను. ఓళిగలంటే మన బొబ్బట్లే, ఇంకా పల్చగా చేస్తారు. వెనక్కి తిరిగేసరికి గోధుమరంగు కుక్క ఒకటి పొట్లాన్ని నోట కరుచుకుని వీధి చివరికి పోతోంది. నాకు గుండె జారింది ఓళిగల కోసం కాదు. ఆ కుక్క మెట్టును నాకిందేమో, అక్కడ చెయ్యి పెట్టానేమో అని. నా మొహం చూసి మస్తాన్ నవ్వాపుకున్నాడు. అది మాత్ర మింగిన కుక్కేననీ, సంగటి ముద్దలో పెట్టి తానే మింగిస్తాననీ, భయపడొద్దనీ చెప్పాడు. అయినా సబ్బు అడిగి చేతులు కడుక్కున్నాను. డాక్టరు గారు మెచ్చుకున్నారు.

కళ్యాణదుర్గం దాటాక

వానలు ఎగ్గొట్టిన ఏడాది. చెనిక్కాయ, అంటే మన వేరుశెనగ, పీకేసిన చేలు ఎర్రగా, ఖాళీగా పడున్నాయి. మా వైపు ఎటు చూసినా నీళ్లే, ఇక్కడ ఎటు చూసినా ఆకాశమే. కళ్యాణదుర్గం దాటాక ఒక పల్లెలో హనుమక్క ఇంటి ముందు దిగాం. యాభై దాటిన మనిషి, గొంతు గుట్ట అవతలికి వినబడుతుంది. డాక్టరు గారు ఊపిరితిత్తి కోయకుండా నయం చేసిన మొదటివాళ్లలో ఈమె ఒకరు.

పెళ్లయిన కొత్తలో దగ్గు మొదలైందట. క్షయ అని అత్తవారు కంచం, చెంబు వేరు చేశారు. పశువుల కొట్టం పక్కన పడుకోబెట్టారు. ఒకరోజు దగ్గుతుంటే ఉప్పటి నీళ్లు, ద్రాక్ష తొక్కలాంటివి నోట్లోంచి వచ్చాయి. అది చూసిన వాళ్ల నాయన ఆమెను ఎత్తుకుని బస్సెక్కించాడు. లోపల కొబ్బరికాయంత తిత్తి. మరోచోటయితే సగం ఊపిరితిత్తి పోయేదే. అప్పుడు డాక్టరు గారు కూడా చిన్నపిల్లే. మిగతావేవీ గుర్తులేవు కానీ, తిత్తి తీసేశాక మత్తు డాక్టరు మెల్లగా గాలి పంపిస్తే, అప్పటిదాకా చితికిపోయి ఉన్న ఊపిరితిత్తి ఉబ్బుకుంటూ పైకి రావడం మాత్రం కళ్లముందే ఉందన్నారు. ఆ క్షణంలోనే తనకు ధైర్యం వచ్చిందట.

భోజనానికి రాగి సంగటి, ఊరిబిండి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి రోట్లో నూరే పచ్చడది. సంగటిని నమలకూడదు, మింగాలి. నేను నములుతుంటే హనుమక్క ఇంటిల్లిపాదీ నా దవడల్నే చూస్తూ కూర్చున్నారు.

తిన్నాక ఆమె నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. రవికె పక్కకు జరిపి, చంక కింద నుంచి వీపు దాకా పాత మచ్చ చూపించింది. నాది చూపించమంది. భర్తకు తప్ప ఎవరికీ చూపించని మచ్చ అది. చూపించాను. వేలితో నా మచ్చ పొడుగునా మెల్లగా రాసి, "నీదీ కుడి పక్కేనా? అయితే మనం అక్కచెల్లెండ్లం" అంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమె మాత్రం గొర్రెల్ని తోలుకురావాలి, గుట్టెక్కుదాం రమ్మని కర్ర తీసుకుంది.

ఎక్కాను. రాళ్ల మధ్య దారి, కాలి కింద జారే గులకరాళ్లు. ఆమె ముందు, నేను వెనక. రొప్పుతాననే అనుకున్నాను. సగం దారిలో ఆగింది ఆమె, నా కోసం కాదు, ముల్లు తీసుకోవడానికి. పైకి చేరాక చూస్తే గాలి బాగా ఆడుతోంది, నాకూ ఊపిరి బాగా ఆడుతోంది. హనుమక్క నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని ఒక్క కేక వేసింది. అవతలి వాలు మీద చెల్లాచెదురుగా ఉన్న గొర్రెలన్నీ తలలెత్తి ఇటే కదిలాయి. ఆ కేక వేసిన ఊపిరితిత్తి ఒకప్పుడు కోసి పారేయాల్సిందే. అంతకంటే పెద్ద విజయం ఏ సభలో చూడగలం?

జాతర వచ్చిందంటే బలిచ్చిన గొర్రెల పేగులూ ఊపిరితిత్తులూ పూడ్చే గుంట దగ్గర కర్ర పట్టుకుని నిలబడేది ఈమేనని దిగుతుంటే డాక్టరు గారు చెప్పారు. మొదట్లో అమ్మవారి ప్రసాదం మట్టిలో కలుపుతావా అని తిట్టారట. ఆమె తన మచ్చ ఎందుకొచ్చిందో గుర్తుచేసి వాళ్ల నోళ్లు మూయించిందట.

మడకశిర

మడకశిర చేరేసరికి సగం మాటలు కన్నడంలో వినబడుతున్నాయి. హోటల్లో వడ్డించేవాడు నన్ను "ఊట ఆయ్తా" అని అడిగాడు. ఆట ఏమిటని నేనడిగాను. భోంచేశారా అని అడగడమట. అక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో, బడి వరండాలో పరీక్షలు. ఊళ్లలో గుంటలు తవ్వడం మొదలయ్యాక పుట్టిన పిల్లలంతా వరసగా కూర్చున్నారు. మాకంటే ముందే ఊళ్లు తిరుగుతున్న డాక్టరు గారి బృందంలోని వాళ్లు ఒక్కొక్కరి పొట్ట మీద చల్లటి జెల్ రాసి స్కానింగ్ యంత్రంతో కాలేయం చూస్తున్నారు. చక్కిలిగింతలకు పిల్లలు మెలికలు తిరిగిపోతున్నారు. దగ్గున్నవాళ్లకు మాత్రం వెంట తెచ్చిన చిన్న యంత్రంతో ఛాతీ ఎక్స్‌రే. ఇదే చివరి ఊరు. అంతకుముందు ఊళ్లన్నిటిలోనూ బృందం పని ముగించింది. ఏ పిల్లలోనూ తిత్తి కనబడలేదు.

మధ్యాహ్నానికి గంగమ్మ అనే ఆమె నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పిల్ల పేరు చిన్ని. కొన్ని వారాలుగా దగ్గు, ఆయాసం. ఎన్ని మందులు పోసినా తగ్గడం లేదు. పైగా వాళ్లింట్లో గొర్రెలున్నాయి, రెండు కుక్కలున్నాయి. ఎక్స్‌రే తీశారు. తెర మీద కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ.

వరండాలో పనిచేస్తున్న వాళ్లంతా చేతులాపేశారు. నాకు నా సొంత ఎక్స్‌రే మొదటిసారి చూసిన రోజు గుర్తొచ్చింది. డాక్టరు గారు తెరకు దగ్గరగా వంగి చూశారు. ఇది పురుగే అయితే ఈ ఊరిని మనం దాటవేసినట్టే, ఇన్నేళ్లూ చేసిందంతా మళ్లీ మొదటికి వచ్చినట్టే అని నాకు మాత్రం వినబడేలా అన్నారు. గంగమ్మ కన్నడం కలిసిన తెలుగులో, బిడ్డ బతుకుతుందా అని అడుగుతోంది.

డాక్టరు గారు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టెతస్కోపు పెట్టారు. ఎడమ, కుడి, మళ్లీ కుడి, మళ్లీ కుడి అడుగున. కళ్లు మూసుకుని విన్నారు. ఆ ఒక్కచోటే ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వస్తోందట. అప్పుడు తల్లి వైపు తిరిగి, దగ్గు మెల్లమెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా అని అడిగారు.

గంగమ్మ ఆలోచించింది. ఇంటి ముందు అందరూ చెనిక్కాయలు ఒలుస్తుంటే పిల్ల నోటినిండా గింజలు పోసుకుని కుక్కపిల్ల వెంట పరుగెత్తిందట. పొలమారి, మొహం నల్లబడి, కాసేపటికి తేరుకుంది. అది పోయిందనుకుని మరిచిపోయారు. తర్వాతే దగ్గు.

డాక్టరు గారి మొహంలో రంగు మారడం నేను చూశాను.

"ఇది పురుగు కాదమ్మా. చెనిక్కాయ అనుకుంటాండా. బిడ్డ ఊపిరి దావలో కూర్చోని ఉండాది" అన్నారు.

అయితే అదీ చిన్న సంగతేమీ కాదు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తి చెడిపోతుంది. ఉన్నపళంగా అనంతపురం బయల్దేరాం. గంగమ్మ, చిన్ని, నేను వెనక సీట్లో. దారి పొడుగునా పిల్ల నా చేతి గాజుల్ని లెక్కపెడుతూ దగ్గుతూనే ఉంది. ప్రతి దగ్గుకూ ముందు సీట్లో డాక్టరు గారి తల ఇటు తిరుగుతోంది.

అనంతపురం

ఆసుపత్రిలో మరుసటి పొద్దున పిల్లకు మత్తిచ్చి, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం ఊపిరి దారిలోకి పంపారు. అక్కడ పిల్లలకు ఆపరేషన్లు చేసే యువ సర్జను ఒకతను చేశాడు, డాక్టరు గారు పక్కన నిలబడ్డారు. మేము బయట బల్ల మీద. గంగమ్మ నా కొంగు పట్టుకునే కూర్చుంది. ఆమె భాష నాకు సగం అర్థం కాదు, నా భాష ఆమెకు సగం అర్థం కాదు. ఆపరేషనంటే ఎలా ఉంటుందని ఆమె సైగలతో అడిగితే, నిద్రపోయి లేచినట్టుంటుందని నేనూ సైగలతోనే చెప్పాను.

తలుపు తెరుచుకుంది. డాక్టరు గారి చేతిలో చిన్న స్టీలు గిన్నె. అందులో ఉబ్బి, నల్లబడిన చెనిక్కాయ బద్ద ఒకటి. గంగమ్మ గిన్నెలోకి చూసింది, డాక్టరు గారి మొహంలోకి చూసింది, నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత అదే ఏడుపులోంచి నవ్వింది. సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుని, దగ్గకుండా, అన్నం పెట్టమని గొడవ మొదలుపెట్టింది. మాకందరికీ ఆ గొడవ విందులా ఉంది.

డాక్టరు గారు ఆ తర్వాతే కుర్చీలో వెనక్కి వాలారు. ఈసారి చూసిన చిన్నపిల్లల్లో ఒక్కరిలో కూడా తిత్తి లేదని మెల్లగా అన్నారు. పెద్దవాళ్లలో పాతవి ఇంకా బయటపడుతూనే ఉంటాయనీ, కుక్కల మాత్రలు ఆపకూడదనీ, మళ్లీ కొన్నేళ్లకు వచ్చి చూడాలనీ కూడా అన్నారు. ఆవిడ అంతే, సంతోషంలో కూడా జాగ్రత్తగా మాట్లాడతారు.

అప్పుడు ఆ యువ సర్జను కాస్త మొహమాటంగా దగ్గరకొచ్చాడు. నీటితిత్తిని పగలకుండా తీసే పద్ధతి మీ దగ్గర నేర్చుకోవాలని ఉందన్నాడు. ఈ జిల్లాలోనే ఉండి నేర్చుకోకపోవడమేమిటని డాక్టరు గారు అడిగారు.

"ఏం చేసేది మేడమ్, పుస్తకంలో చదివినాను అంతే. ఈడ చేరినప్పటి నుంచి పిల్లల్లో ఒక్క కేసూ రాలేదు" అన్నాడతను, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని.

డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, కళ్లల్లో నీళ్లు నిలిచిపోగా, "ఇంకోసారి చెప్పప్పా" అన్నారు.